ఫండు ఇంట్లో పాదాలు

సొంత డబ్బుతో ఇల్లు కొని, అందులోకి సొంత పెళ్లాన్ని అడుగు పెట్టనివ్వని మగవాడు ఈ భూమ్మీద ఇంకొకడు ఉంటాడని ఉమాదేవి అనుకోదు. పేకాట మొగుళ్లని చూసింది, కోపిష్టి మొగుళ్లని చూసింది, కూరకి వంకలు పెడుతూనే మూడోసారి వడ్డించుకునే మొగుళ్లనయితే అబుదాబీ రువైస్‌లోని కంపెనీ క్వార్టర్స్‌లో వీధికి నలుగురిని చూసింది. మహీధర్‌కి ఆ లోపాలేవీ లేవు. ఆయనకి ఉన్నదల్లా ఒక ఫండు.

గల్ఫ్ ఉద్యోగాల్లో పింఛను ఉండదు. ఆఖరి రోజున ఒక చెక్కు చేతిలో పెట్టి, వీసా కొట్టేసి, విమానం ఎక్కిస్తారు. రిఫైనరీలో మహీధర్‌తో పాటు తనిఖీ ఇంజనీరుగా పనిచేసి ఆస్ట్రేలియా వెళ్లిపోయిన ఒకాయన అక్కణ్ణించి ఫోన్లో ఒక సంగతి చెప్పాడు. అక్కడ మనుషులు తమ పింఛను ఫండుని తామే నడుపుకుంటారట. ఫండు పేరు మీద ఇల్లు కొంటారట. అద్దె వచ్చి ఫండులో పడుతుంది, ఉద్యోగం మానేశాక ఆ అద్దే వాళ్లకి జీతం. షరతు ఒక్కటే. ఫండు ఎవరిదో వాళ్లూ, వాళ్ల చుట్టాలూ ఆ ఇంట్లో కాపురం ఉండకూడదు, ఒక్క పూటైనా వాడుకోకూడదు.

అది ఆస్ట్రేలియా వాళ్లు ఆస్ట్రేలియాలో పెట్టుకున్న షరతని ఉమాదేవి మనవి చేసుకుంది. మహీధర్ వినలేదు. నియమం లేనిదే ఫండు కాదు, అది వట్టి ఇల్లు అన్నాడు. ఉమాదేవినీ, ఆవిడ తమ్ముడు మురళీనీ, అతని భార్య మణినీ సభ్యులుగా చేర్చుకుని, తను ట్రస్టీ అయ్యాడు. బయటి దేశాల వాళ్లు కూడా ఫ్లాట్లు కొనుక్కోవచ్చని కొత్తగా ఒప్పుకుంటున్న రోజులవి. రువైస్ నుంచి నాలుగైదు గంటల ప్రయాణంలో ఉన్న ఉమ్ అల్ క్వైన్‌లో, సముద్రపు పాయ ఒడ్డున, కొత్తగా కట్టిన ఆరంతస్తుల భవనంలో ఐదో అంతస్తు ఫ్లాటు ఫండు వశమైంది.

"పాలెప్పుడు పొంగిద్దామండీ?" అంది ఉమాదేవి.

"ఎవరింట్లో?"

"మనింట్లో."

"అది మనిల్లు కాదు ఉమా, ఫండు ఇల్లు. బ్యాంకు లాకర్లో పాలు పొంగిస్తారా ఎవరైనా?"

"పోనీ గడపకి పసుపైనా రాయనివ్వండి."

"పసుపు రాస్తే వాడుకున్నట్టే. ట్రస్టీగా నేను ఒప్పుకోను."

"మొగుడిగా ఒప్పుకోండి."

"ఫండు విషయంలో నేను నీకు మొగుణ్ణి కాను."

2007 డిసెంబరుకి మహీధర్‌కి అరవై నిండుతాయి. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. దాచుకున్నదంతా ఆ ఫ్లాటులోనే ఉంది. కాకినాడలో వాళ్లిద్దరూ అద్దెకుండాలంటే ఉమ్ అల్ క్వైన్‌లో ఇంకెవరో అద్దెకుండాలి. వేసవి సగం గడిచిపోయినా ఆ ఇంకెవరో దొరకలేదు. పాలు పొంగని ఇంట్లోకి, దీపం లేని ఇంట్లోకి లక్ష్మి మాత్రం ఏ మొహం పెట్టుకుని వస్తుందని ఉమాదేవి వాదన. ట్రస్టీ ఆ వాదన వినడు కనుక, ఆవిడ ఒకరోజు వంటింట్లోకి వెళ్లి, అజ్మాన్‌లో ఉన్న మణికి ఫోను చేసింది.

"శుక్రవారం వరలక్ష్మీ వ్రతం చేసుకుంటావు కదా. పూజయ్యాక ఆ ఫ్లాటుకి ఓసారి వెళ్లి అమ్మవారి పాదాలు వేసి రా. రెండో తాళంచెవి మీ దగ్గరే ఉందిగా."

"అన్నయ్యగారికి తెలిస్తేనో వదినా?"

"నువ్వు చెప్తావా?"

"అమ్మో, నేనెందుకు చెప్తాను!"

"నేనూ చెప్పను. ఇంకెవరు చెప్తారు, లక్ష్మీదేవా?"

పిడికిలి బిగించి, పక్కవాటుగా తడి వరిపిండిలో ముంచి నేలకి అద్దితే పసిపిల్ల అరికాలు పడుతుంది. పైన వేలికొసతో ఐదు చుక్కలు పెడితే వేళ్లవుతాయి. అమ్మవారు వీధిలోంచి ఇంట్లోకి నడిచి వచ్చినట్టు లోపలివైపుకే వేస్తారు. బయటికి వేసే ఆచారం లేదు. వచ్చిన లక్ష్మిని పొమ్మని ఎవరంటారు?

గడపలో నాలుగు పాదాలు చాలని ఉమాదేవి ఉద్దేశం. మణి ఏ పని చేసినా ధారాళంగా చేస్తుంది. కాపలా ఉండే అమీర్ జాన్ శుక్రవారం నమాజుకి వెళ్లిన సమయం చూసుకుని, గిన్నెడు పిండితో లోపలికి దూరి, పిండి అయిపోయేదాకా అమ్మవారిని నడిపించింది. గడప దాటించి, హాల్లోంచి పడకగదుల వైపు వెళ్లే సందులోకి తిప్పి, చీకట్లో ఎక్కడో వదిలేసింది.

మరుసటి శుక్రవారానికి వేసుకున్న పథకం చాలా మామూలుది. తెల్లారకముందే రువైస్‌లో బయల్దేరాలి, ఒక మలయాళీ నర్సుకీ ఆవిడ భర్తకీ ఫ్లాటు చూపించాలి, అజ్మాన్‌లో మణి చేతి భోజనం చేసి వెనక్కి రావాలి. ఉమాదేవి దారిలోకి పులిహోర కట్టింది. మహీధర్ దారిపొడుగునా అద్దెదారులతో ఎంత వరకు నవ్వాలో, ఎక్కడ నవ్వు ఆపాలో చెప్పుకొచ్చాడు.

ఉమ్ అల్ క్వైన్ చేరేసరికి పొద్దెక్కింది కానీ సూర్యుడు కనపడలేదు. ఆగస్టు ఉక్క సముద్రం మీంచి తెల్లగా లేచి వీధుల్లోకి వచ్చేసింది. భవనం అద్దాలన్నిటికీ బయటివైపు చెమటలు పట్టి, నీళ్లు సన్నగా జారుతున్నాయి. ఆరంతస్తుల్లోనూ కలిపి రెండే రెండు కాపురాలు. మిగిలిన కిటికీలన్నిటికీ కాంట్రాక్టరు అంటించిన గోధుమరంగు కాగితాలు అలాగే ఉన్నాయి. లిఫ్టుకి ఇంకా బుద్ధి రాలేదు. ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపు తెరిచి, ఎవరో ఎక్కుతున్నట్టు కాసేపు ఉండి, మూసుకునేది. ఏసీలు బిగించని గోడ కంతల్లోంచి గాలి వెళ్తుంటే, పెదాలు బిగించుకుని ఎవరో మూలుగుతున్నట్టు ఉంది.

అమీర్ జాన్ ముందు నడిచి, మహీధర్ ఇచ్చిన చెవితో తాళం తీశాడు. పెషావర్ వైపు మనిషి, తలుపుకి సరిపోయేంత ఎత్తు. అంత మనిషీ లోపలికి ఒక అడుగు వేసి, వేసిన అడుగుని మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు.

"సాబ్," అన్నాడు గొంతు తగ్గించి, "అందర్ బచ్చా హై."

"లోపల పిల్లేమిటి? తాళం వేసి ఉందిగా!" అన్నాడు మహీధర్.

అమీర్ జాన్ వేలు చూపించాడు. కాగితాల్లోంచి పడుతున్న వెలుతురుకి హాలంతా టీ డికాషను రంగులో ఉంది. ఆ రంగులో, నేల మీద తెల్లగా చిన్నచిన్న పాదాలు. గడప దగ్గర మొదలై, హాలు దాటి, సందులోకి తిరిగి, చీకట్లో కలిసిపోయాయి. వెళ్లినవే ఉన్నాయి. వచ్చినవి లేవు.

వెనకే ఉన్న నర్సు, భర్త చెయ్యి పట్టుకుని మలయాళంలో ఒక చిన్న మాట అంది. ఇద్దరూ లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల వైపు తిరిగారు. నర్సు కాబట్టి ఆవిడ పరిగెత్తలేదు, వేగంగా నడిచింది. భర్త మాత్రం పరిగెత్తాడు.

నీ ధారాళం మండిపోనూ అని ఉమాదేవి మనసులోనే మణిని దీవించింది. ఇక ట్రస్టీ తన మీద పడతాడని సిద్ధంగా నిలబడింది. కానీ మహీధర్ మొహం పిండి కంటే తెల్లగా ఉంది. రిఫైనరీలో మంటలు లేచిన రోజున కూడా ఆ మొహం అలా పాలిపోవడం ఆవిడ చూడలేదు.

"ఉమా, ఇవి అమ్మవారి పాదాల్లా లేవూ?" అన్నాడు. ఆ గొంతులో ఒక విన్నపం ఉంది. ఔననమని.

ఉమాదేవి ఔనంటే నేరం బయటపడుతుంది. అందుకని నిజానికి వీలైనంత దూరంగా జరిగింది. "అమ్మవారి పాదాలు పద్ధతిగా ఉంటాయండీ. ఇవి చూడండి, ఒకటి దగ్గర, ఒకటి దూరం. ఎవరో తరుముతుంటే పరిగెత్తినట్టు లేవూ? అయినా తాళం వేసిన ఇంట్లోకి ఎవరొచ్చి వేస్తారు?"

మహీధర్ తలుపు మూసి, తాళం వేసి, గట్టిగా లాగి చూశాడు. లిఫ్టు ఎక్కాక కూడా ఆ తలుపు వైపే చూశాడు.

  ఆ వారంలో ఓ సాయంత్రం మహీధర్ టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"ఖాళీ ఇంట్లో ఏదైనా చేరుతుందంటావా ఉమా?"

"ఏది?"

"ఏదో ఒకటి."

"అద్దె ఇచ్చేదైతే చేరనివ్వండి."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. పాపం అనిపించి, ఇక ఈ సరదా చాలనుకుని, మర్నాడు పొద్దున్నే మణికి ఫోను చేసింది. తడిగుడ్డ పట్టుకెళ్లి అమ్మవారిని మర్యాదగా తుడిచేసి రమ్మంది. మధ్యాహ్నం పప్పుకి పోపు పెడుతుండగా మణి తిరిగి ఫోను చేసింది.

"తుడిచావా?"

"వదినా, నేను వేసినవి చిన్నవి కదా?"

"అవును, చిన్నవే."

"వాటి వెనకాల పెద్దవి ఉన్నాయి."

ఉమాదేవి స్టవ్ ఆపేసింది. "పెద్దవంటే?"

"మగమనిషివి. గడప దగ్గర లేవు, అక్కణ్ణించి చూస్తే కనపడవు. సందులో బాత్రూం ముందు నా పాదాల్ని తొక్కుకుంటూ మొదలయ్యాయి. తెల్లటి పెద్దపెద్ద అడుగులు వదినా. హాల్లోకొచ్చి, బాల్కనీ తలుపు దాకా వెళ్లి ఆగిపోయాయి. అక్కణ్ణించి ఇంకెక్కడికీ లేవు."

"బాల్కనీలోకి వెళ్లాడేమో!"

"తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టి ఉంది వదినా."

పోపులో ఎండుమిరపకాయ మాడిన వాసన వచ్చింది. ఉమాదేవి గరిట కింద పెట్టి, "మరి తడిగుడ్డ?" అంది.

"అక్కడే ఉంది. తాళం కూడా వెయ్యకుండా నేనొక్కదాన్నే వచ్చేశాను."

ఇప్పుడు భయపడటం ఉమాదేవి వంతు. చిన్న పాదాలు తనవి, వాటికి తను జవాబుదారీ. పెద్దవి ఎవరివి? ఏ కాలు, ఏ ఒంటిది, తాళం వేసిన ఇంట్లో అమ్మవారి వెంట పడింది? మొగుడితో చెప్పాలంటే మొదట తన పాదాలు ఒప్పుకోవాలి. ఒప్పుకోలేక, చెప్పుకోలేక, పట్టపగలు కూడా క్వార్టర్లో బాత్రూం తలుపు ఓరగా తెరిచి ఉంచడం మొదలుపెట్టింది. మహీధర్ కూడా తెరిచే ఉంచుతున్నాడని గమనించింది కానీ, ఎందుకని అడగలేదు. అడిగితే ఆయనా అడుగుతాడు.

ఈలోగా అమీర్ జాన్ ఊరుకోలేదు. కిరాణా కొట్లో చెప్పాడు, ఇస్త్రీ వాడికి చెప్పాడు, టీ కొట్టు ముందు ఆగిన ప్రతి డ్రైవరుకీ చెప్పాడు. ఐదో అంతస్తులోకి ఒక పిల్ల వెళ్లింది, ఇంకా రాలేదు. అద్దె తగ్గించినా ఎవరూ చూడటానికి కూడా రావడం లేదని బ్రోకరు ఫోను చేశాడు. మహీధర్ ఫోను స్పీకరు మీద పెట్టి ఫండు సమావేశం జరిపాడు.

"బావగారూ, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడితే సరిపోతుంది," అన్నాడు మురళీ అటువైపు నుంచి. "దిష్టయితే దిష్టి పోతుంది, ఇంకోటైతే ఇంకోటి పోతుంది."

ఇది వాడకం కిందికి వస్తుందని ట్రస్టీ అంటాడని ఉమాదేవి ఎదురుచూసింది.

"గుమ్మం బయటే కదా కట్టేది," అన్నాడు మహీధర్. "బయట ఫండుది కాదు. కట్టెయ్. పెద్దది కట్టు."

మురళీ ఉమ్ అల్ క్వైన్‌లోనే ఒక పైపుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు. ఆ సాయంత్రమే పసుపు రాసి, కుంకుమ దండిగా పట్టించి, పసిపిల్ల తలకాయంత గుమ్మడికాయని తాడు ఉట్టిలో పెట్టి తలుపు మీద వేలాడదీశాడు. మనూళ్లో ఆ కాయ నెలల తరబడి ఎండుతుంది. ఉమ్ అల్ క్వైన్ ఉక్కలో గుమ్మడికాయకి ఎండే వీలుండదు. గాలే నీళ్లలా ఉంటుంది. కాయ లోపల్నుంచి కుళ్లింది.

ఆ శుక్రవారం దిల్షాద్ బేగం ఫ్లాటు చూడటానికి వస్తానంది. పుట్టింది హైదరాబాద్ పాతబస్తీలో, అజ్మాన్‌లో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం నడుపుతోంది. ఈ వదంతి ఆవిడ చెవిన పడిందో లేదో తెలియదు. పడకముందే సంతకం చేయించాలని మహీధర్ తొందర. డిసెంబరు దగ్గరకొస్తోంది, ఇంకొకరు దొరుకుతారన్న ఆశ లేదు. ఫండు సభ్యులు నలుగురూ భవనం దగ్గర కలుసుకున్నారు. గేటు దగ్గర అమీర్ జాన్ తన పరుపు చుట్ట కట్టుకుని, దాని మీద కూర్చుని ఉన్నాడు.

"మై జా రహా హూఁ సాబ్," అన్నాడు. "ఊపర్ ఖూన్ హై." వెళ్లిపోతాడట, పైన రక్తం ఉందట.

ఐదో అంతస్తులో లిఫ్టు తెరుచుకోగానే మణి మురళీ చెయ్యి పట్టుకుంది. తలుపు మీద పైనుంచి కింద దాకా ఎర్రటి చారలు. గడప ముందు చిన్న మడుగు. మీద నుంచి తాపీగా ఒక్కొక్క బొట్టు పడుతోంది. కుళ్లిన వాసన నడవా అంతా కమ్ముకుంది. మడుగు పక్కన భవనం ముదీర్, అంటే మేనేజరు, నిలబడి ఉన్నాడు. ఈజిప్టు మనిషి, చేతిలో ఫోను. ఇక్కడ చాలాకాలంగా ఉన్న వాడు కనుక హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడతాడు.

"పిల్ల ఎక్కడ?" అన్నాడు సూటిగా. "ఈ రక్తం ఎవరిది?"

"రక్తం కాదు, గుమ్మడికాయ," అన్నాడు మహీధర్. "కూరగాయ."

"కూరగాయకి రక్తం ఉంటుందా?"

"కుంకుమ ముదీర్ సాబ్," మురళీ కల్పించుకున్నాడు. "చెడ్డ కన్ను పడకుండా కడతాం."

"ఎవరి కన్ను?"

మురళీ ఆలోచించాడు. "అందరిదీ."

మెట్లెక్కి వెనకే వచ్చిన అమీర్ జాన్ దూరంగా నిలబడి సాక్ష్యం చెప్పాడు. నిన్న రక్తం కింద పారుతుంటే, కొనప్రాణంతో ఎవరైనా ఉన్నారేమోనని ధైర్యం చేసి, తాళం వెయ్యని తలుపు తోసి, హాలు మధ్యదాకా వెళ్లి చూశాడట. "అందర్ గయా తబ్ బచ్చా థా," అన్నాడు. "అబ్ బడా హో గయా." వెళ్లినప్పుడు పసిపిల్ల. ఇప్పుడు పెద్దదైంది.

ముదీర్ తలుపు తోశాడు. గడప దగ్గరి పాదాలని చీమలు మోసుకుపోయాయి. చిన్న పాదాలు ఇప్పుడు హాలు మధ్యలో మొదలవుతున్నాయి. పిల్ల ఇంకాస్త లోపలికి జరిగినట్టుంది. సందులోంచి పెద్ద అడుగులు బయటికొచ్చి, వాటికి అడ్డంగా నడిచి, బాల్కనీ తలుపు ముందు ఆగిపోయాయి. హాల్లో ఒకచోట తడిగుడ్డ ఎండి, అట్టలా బిగుసుకుని, ఎవరో కింద ముడుచుకుని పడుకున్నట్టు కొంచెం లేచి ఉంది. కంతల్లోంచి గాలి మూలిగింది.

"నేను పోలీసుని పిలుస్తాను," అన్నాడు ముదీర్ ఫోను తెరుస్తూ. "వాళ్లు సీలు వేస్తారు. పిల్ల దొరికేదాకా ఎవరూ రారు."

లేని పిల్ల ఎప్పటికి దొరకాలి? ఉమాదేవికి కాకినాడ అద్దె ఇల్లు కళ్లముందు మెదిలింది, ఆ ఇంటి ఓనరు కూడా మెదిలాడు. కొంగు నడుముకి దోపుకుంది. గడప ముందు గొంతుక్కూర్చుని, పిడికిలి బిగించి, ఎర్రటి మడుగులో పక్కవాటుగా ముంచింది.

"అక్కా!" అని మురళీ కేక వేశాడు.

ఉమాదేవి ఆ పిడికిలిని నడవా పలక మీద అద్దింది. వేలికొసతో ఐదు చుక్కలు పెట్టింది. పలక మీద ఒక ఎర్రటి పసిపాదం నిలిచింది. అమీర్ జాన్ గోడకి అతుక్కుపోయాడు. ఉమాదేవి పక్కన ఇంకొకటి వేసింది. ఇంకొకటి. పాప రెండడుగులు ముందుకు నడిచింది.

"ఇదీ మీ పిల్ల," అంది ముదీర్‌తో, వచ్చినంత హిందీలో. "మా దేవత. ఇంట్లోకి డబ్బు రావాలని వేస్తాం."

ముదీర్ ఆ పాదాల వైపూ, ఆవిడ పిడికిలి వైపూ మార్చిమార్చి చూశాడు. మహీధర్ ఆవిడ ఒక్కదాని వైపే చూశాడు.

"ఉమా! నువ్వా?"

"వేసింది మణి. వేయమన్నది నేను."

"ట్రస్టీకి ఒక్క మాట చెప్పకుండానా?"

"ఫండు విషయంలో మొగుళ్లు లేరన్నారుగా. ఎవరితో చెప్పను?"

ముదీర్ పగలబడి నవ్వాడు. "ఖలాస్!" అని ఫోను మూసి జేబులో పెట్టుకున్నాడు. రెండడుగులు వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగాడు. "మరి ఆ పెద్దవి?"

నవ్వు ఆగిపోయింది. మణి వచ్చి ఉమాదేవి వీపు వెనక నిలబడింది. మురళీ, అడగకముందే, చెప్పు విప్పి తన పాదం ఎత్తి చూపించాడు. అది పొట్టిది. అమీర్ జాన్ కాలు ఆ అడుగుల్ని రెండు మింగేంత ఉంది. ఉమాదేవి చేతి మీది ఎర్రనీళ్లు మోచేతి దాకా జారుతున్నా తుడుచుకోలేదు. తనది తను ఒప్పేసుకుంది, ఇక మిగిలింది ఎవరిదో. గాలి మళ్లీ మూలిగింది. అందరూ సందులోని చీకటి వైపు చూశారు.

"అది నేనే," అంది ఒక గొంతు.

మణి కెవ్వుమంది. ఆ గొంతు సందులోంచి రాలేదు. వెనక మహీధర్ చెప్పులు విప్పుకుని నిలబడి ఉన్నాడు.

"ఇక్కడి యార్డులో తనిఖీకి కంపెనీ పంపినప్పుడల్లా, మధ్యాహ్నం వీడు నిద్రపోయే వేళ చూసి వస్తున్నాను," అన్నాడు అమీర్ జాన్ వైపు చూపిస్తూ. "స్నానం చేసి, లుంగీ కట్టుకుని, బాల్కనీలో పెయింటు డబ్బా బోర్లించి కూర్చుంటున్నాను."

"ఎందుకండీ?" అంది ఉమాదేవి.

"పని లేకుండా కూర్చోవడం వస్తుందేమో చూద్దామని."

"వచ్చిందా?"

"లేదు. కాసేపు కాగానే లేచి గోడలు కొలుస్తున్నాను." మహీధర్ నేల చూశాడు. "తడికాళ్లతో నడిచి ఉంటాను. బాల్కనీ గడపలో చెప్పులుంటాయి, అవి తొడుక్కుని లోపలికొచ్చి, గడియ పెట్టి వెళ్లిపోయేవాణ్ణి. కరెంటు లేదు, కళ్లజోడు లేదు, కింద పిండి ఉందని నాకేం తెలుసు?"

"మరి ఆవేళ అంతలా భయపడ్డారెందుకు?"

"భయపడనా? ఆ వారంలోనే ఆ హాల్లో గంటసేపు పడుకుని నిద్రపోయాను. ఆ పిల్ల నన్ను దాటుకుంటూ లోపలికెళ్లిందనుకున్నాను!"

అప్పుడే, ఎవరూ నొక్కకుండా, లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఆరుగురూ ఒక్కసారిగా ఎగిరిపడ్డారు. లోపల, చెమటలు తుడుచుకుంటూ, దిల్షాద్ బేగం.

"గిదేం లిఫ్టు సాబ్, అంతస్తంతస్తుకి ఆగి సలాం కొడ్తుంది!" అంటూ బయటికొచ్చింది. తలుపు మీది ఎర్రచారల్ని, నేల మీది ఎర్రపాదాల్ని, చెప్పుల్లేకుండా నిలబడ్డ మగవాళ్లని, మోచేతి దాకా ఎర్రగా ఉన్న ఉమాదేవిని తీరిగ్గా చూసింది. "ఏందమ్మా, ఎవర్నన్న కోసిన్రా?"

"గుమ్మడికాయండీ," అంది ఉమాదేవి.

"అచ్ఛా." ఆవిడ మడుగుని దాటుకుని లోపలికెళ్లింది. వంటింట్లో కొళాయి తిప్పి చూసింది, బాల్కనీ తలుపు తీసి గాలి చూసింది, పెయింటు డబ్బాని కాలితో పక్కకి నెట్టింది. బాత్రూం చూసి వస్తూ పెద్ద అడుగుల దగ్గర ఆగింది. "గివి ఎవరియి?"

"నావే," అన్నాడు మహీధర్. "నేను ఓనర్ని. అంటే, ట్రస్టీని."

"దయ్యం ఉన్నదని బజార్ల అందరు చెప్పిన్రు సాబ్. నాకు ఫికర్ లేదు. మా మిషన్ల చప్పుడుకు అదే పరేశానై పోతది." ఆవిడ చున్నీ సర్దుకుంది. "నాకు ఓనర్లంటెనే భయం. ఊకె వస్తరు, కూసుంటరు, గోడలు చూస్తరు. ఓనరు ఇండ్లకు రావొద్దని కాయితంల రాయుండ్రి. ఇప్పుడే సంతకం పెడ్త."

అద్దె దగ్గర మాత్రం, భయం లేని ఆ దయ్యం పేరే చెప్పి కొంత తగ్గించింది. మహీధర్ బేరం ఆడలేదు. కాగితం మీద తన చేత్తోనే ఆ షరతు రాసి, సంతకం పెట్టి, రెండు తాళంచెవులూ ఆవిడకి ఇచ్చేశాడు. ఉమాదేవి కొళాయి కింద చెయ్యి కడుక్కుంది. ఆ ఇంట్లో ఆవిడ వాడుకున్నది ఆ నీళ్లే.

మణి ఇంట్లో భోజనాలయ్యాక రువైస్ దారి పట్టారు. అబుదాబీ శివార్లలోని ముసఫ్ఫా షెడ్లు దాటాక ఎడారి మొదలైంది. ఎండ ఎదురుగా కళ్లలో పడుతోంది.

"డిసెంబరుకి బెంగ లేదు," అన్నాడు మహీధర్.

"లేదు," అంది ఉమాదేవి.

"ఆ బాల్కనీలోంచి నీళ్లు చాలా బాగుంటాయి ఉమా. సాయంత్రమయ్యేసరికి కొంగలు దిగుతాయి."

"నేను చూళ్లేదుగా."

ఇంకాస్త దూరం వెళ్లాక కారు వేగం తగ్గింది.

"నిన్ను తీసుకెళ్లాల్సింది," అన్నాడు మహీధర్. "పాలు పొంగించి, ఒక్క పూటైనా ఇద్దరం కూర్చోవాల్సింది. ఇక కుదరదు. నాదే తప్పు."

మొగుడి నోటి వెంట తన తప్పన్న మాట వచ్చిందంటే పొద్దు ఏ దిక్కున ఉందో చూసుకోవాల్సిందే అనుకుంది ఉమాదేవి. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎదుటి అద్దంలోంచి చూసింది. సూర్యుడు పడమటే దిగుతున్నాడు.